స్తోత్రముతో కూడిన విన్నపము

ధ్యానమునకు: ఫిలిప్పీయులకు 4:4-7; హబక్కూకు 3:17-19



వాన రాకున్నను భయము, వచ్చినను భయము. మన ఎర్రుపాలెము ప్రాంతపు సేద్యగాని బ్రదుకు ఇట్లున్నది. 2021వ సంవత్సరము చివరను నల్ల తామర పురుగు మిరప పూతలో చేరి ఖమ్మము జిల్లా చేలను పాడుచేసెను. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు లేచెను. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక యిత్తురని మనమెరుగుదుము. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మము పట్టణపు ఇండ్లలో జొరబడెను. కేసముద్రము, ఇంటికన్నె నడుమ రైలు కట్ట కొట్టుకొనిపోయి, మన ఊరి మీదుగా పోవు బండ్లు నిలిచిపోయెను. పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రము ఏ వరదకును కొట్టుకొనిపోలేదు.

ఇట్టి దినములలో దేవునికి స్తోత్రము చెల్లించుడని బోధించుట సులభమే. వినువానికి అది పుండుమీద కారము చల్లినట్లుండవచ్చును. పంట పోయినవానిని స్తోత్రము చేయుమనుట న్యాయమా? ఈ ప్రశ్నను దాటిపోక వాక్యమునే అడుగుదము.

చింతపడవద్దని ఫిలిప్పీ సంఘమునకు వ్రాసినప్పుడు పౌలు బంధకములలో నుండెను. తీర్పు ఎటు పోవునో ఎరుగడు. ఆ సంఘము పంపిన కానుకను తెచ్చిన ఎపఫ్రొదితు రోగియై చావునకు సమీపించెను. దేవుడు అతనిని కనికరింపనియెడల తనకు దుఃఖముమీద దుఃఖము కలిగియుండెడిదని అపొస్తలుడు దాచక ఒప్పుకొనెను (2:27). కాబట్టి ఈ మాట కష్టమెరుగనివాడు చెప్పిన మాట కాదు.

మరియు అడుగవద్దని పౌలు చెప్పలేదు. ప్రతి విషయములోను మన విన్నపములను దేవునికి తెలియజేయవలెననియు, అవి కృతజ్ఞతతో కూడియుండవలెననియు చెప్పెను. విన్నపము ఒక చేయి, స్తోత్రము మరియొక చేయి. రెండును జోడించిననే అది దండము.

పురుగు పట్టినందుకు స్తోత్రము చెప్పుమని ఏ ప్రవక్తయు ఆజ్ఞాపింపలేదు. హబక్కూకు ఏమి చేసెనో చూడుడి. అంజూరము, ద్రాక్ష, ఒలీవ, చేని పైరు, మంద, సాలలోని పశువులు, అన్నిటిని ఒక్కొక్కటిగా లెక్కించి, లేకపోయినను అనుకొనెను. నష్టమును కప్పిపుచ్చలేదు. ఆ లెక్క ముగించిన పిమ్మటనే దేవునియందు ఆనందించెదననెను. అతని ఆనందపు వేరు చేనిలో లేదు. చేనికి యజమానుడైన వానియందున్నది.

అట్టివారి హృదయములకు దేవుని సమాధానము కావలియుండునని పౌలు చెప్పెను. ఫిలిప్పీ రోమా సైనికులు కాపురముండిన పట్టణము. పౌలు వాడిన గ్రీకు మాటయు సైనికుల కావలికి చెల్లునదే. మిరప కల్లమునొద్ద రాత్రి కావలి పండుకొనువారిని మనమును ఎరుగుదుము. కావలివాడున్నాడని దొంగలు లోకములో లేకపోరు. అయినను ఇంటివారు కన్ను మూయగలరు. కష్టము ఇంకను తీరకమునుపే నిద్రపట్టు ఆ నెమ్మదియే ప్రభువు సమాధానము.

కృతజ్ఞత నిండిన గాదెలోనుండి పుట్టునని తలంచకుడి. 1912 డిసెంబరు 29న దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి కాలములో, ఆ సంఘములలో అనేకులు కూలినాలి చేసి బ్రదికిన పేదలు. అయినను వంటకు బియ్యము తీయునప్పుడు ఆ తల్లులు ఒక పిడికెడు ప్రభువుకొరకు వేరుగా ఉంచిరి. కోత పండుగకు ధాన్యమును, కోళ్లను, గుడ్లను తెచ్చిరి. ఆ పిడికెడు తీసిననాడు మరునాటి గింజ ఇంట నున్నదో లేదో! తమ రేపు ప్రభువు చేతిలో నున్నదని వారు నోటితో కాక చేతితో చెప్పిరి.

కాబట్టి ప్రియులారా, మేము మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, సమూయేలు ఎబెనెజరు రాయి నిలిపినట్లు, ఇంతవరకు ప్రభువు చేసిన ఒక సహాయమునైనను ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో పేరు పెట్టి చెప్పుకొనుడి. రెండవది, అప్పును ఇంటివారియొద్ద దాచకుడి. దాచిన అప్పు లోలోపల మనిషిని తినివేయును. మూడవది, బ్రదుకు వద్దనుకొను సహోదరుడు మీ వాడలో నున్నయెడల అతనిని ఒంటరిగా విడువకుడి. రాత్రియైనను అతని గడప త్రొక్కుడి, ప్రక్కన కూర్చుండుడి, వైద్యునియొద్దకు తోడు వెళ్లుడి. ఒకరి భారమొకరు మోయుటయే క్రీస్తు నియమము (గలతీయులకు 6:2). మనము వెళ్లకుండ అతనిని స్తోత్రము చేయుమనుట మనకు తగదు.

ప్రార్థన: తండ్రీ, మా చేలను, మా అప్పులను, మా బిడ్డలను నీవెరుగుదువు. అడుగుటకు నోటిని, నిన్నటి మేలు మరువని మనస్సును, పొరుగువానికి చాపు చేతిని మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.