ఏ కప్పు, ఎవరి గోధుమ?

ఢిల్లీలోని ముఖర్జీ నగర్ సివిల్స్ కోచింగ్‌కు పేరుపడ్డ పేట. అక్కడి అద్దెగదుల్లో తత్వశాస్త్రం ఆప్షనల్‌గా తీసుకున్న వాళ్లు న్యాయ వైశేషికుల పదార్థ విభాగాన్ని కంఠతా పడతారు, అది యూపీఎస్సీ సిలబస్‌లోనే ఉంది. అదే గదిలో స్నేహితుడి పుట్టినరోజుకి ఎవరైనా కుక్కర్లో కేకు చేయబోతే పాఠం కాస్తా గిన్నెలోకి దిగుతుంది. చూసి చేసే వంటకం 2 కప్పుల మైదా అంటుంది. కొనితెచ్చిన పొట్లం మీద 500 గ్రాములని ఉంటుంది. ఎంత తీయాలి?

ముందు కప్పే తేలదు. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. మైదాను చెంచాతో వదులుగా పోసి పైన గీస్తే అమెరికా కప్పులో 120 గ్రాముల దగ్గర ఆగుతుంది, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 140 కూడా దాటుతుంది. అదే కప్పు పంచదార 200 గ్రాములు. 1896లో బోస్టన్ వంటల పుస్తకంతో ఫ్యానీ ఫార్మర్ అంచుకు గీసి కొలిచే పద్ధతికి ప్రచారం తెచ్చింది. గోపురంలా పోయడం తగ్గింది కానీ, లోపల పిండి ఎంత కుదుటపడిందో గీసే కత్తికి తెలియదు.

ఈ చిక్కును న్యాయ వైశేషిక పండితుడు, తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో, కేకు ఊసే లేకుండా, తేటగా విడదీశాడు. ఆయన తర్కసంగ్రహం లెక్కించిన 24 గుణాల్లో పరిమాణం వేరు, గురుత్వం వేరు. పరిమాణం తొమ్మిది ద్రవ్యాల్లోనూ ఉంటుంది. గురుత్వం మాత్రం పృథివికీ జలానికీ పరిమితం. ఆకాశానికి పరిమాణం ఉంది, బరువు లేదు. పైగా గురుత్వం ఇంద్రియాలకు అందదనీ, వస్తువు పడటాన్ని బట్టి ఊహించాల్సిందేననీ వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చెప్పాడు. అంటే కప్పులోని పిండి ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి బరువు చెప్పేవాడు రెండో గుణాన్ని చూడటం లేదు, ఊహిస్తున్నాడు. ఒక గుణం నుంచి మరో గుణానికి పోయే లెక్క ఏదైనా సరే ఫలానా ద్రవ్యం, ఫలానా స్థితి అని పేరు పెట్టుకోక తప్పదు.

వంటింట్లో ఈ ఊహ తప్పితే కేకు గట్టిపడుతుంది, అంతే. మతవిధిలో తప్పితే?

రంజాన్ చివర ఇచ్చే ఫిత్రా దానం ‘సా’ అనే పాత్రతో కొలిచే ధాన్యం. ఈ కొలత ప్రవక్త కాలపు మదీనాది. ఇరాక్ పండితులు సాను, రతల్ అనే పాత తూకం లెక్కన, 8 రతల్‌లన్నారు, మదీనావాళ్లు 5⅓ అన్నారు. ఇరాక్ ధర్మశాస్త్రవేత్త అబూ హనీఫా శిష్యుడు అబూ యూసుఫ్ మదీనా వెళితే, అక్కడివాళ్లు తండ్రుల నుంచి వచ్చిన కొలపాత్రలు తెచ్చి చూపారనీ, ఆయన గురువు మాట విడిచి మదీనా లెక్కకు వచ్చాడనీ సంప్రదాయం చెబుతుంది. వాదనకు లొంగని పండితుడు పాత్రకు లొంగడం ముచ్చటైన సంగతే. అయితే పాత్ర తేలినా కిలోలు తేలలేదు. సౌదీ ఫత్వా కమిటీ ఒక సాను సుమారు 3 కిలోలంది. అక్కడివాడే అయిన ఇబ్న్ ఉసైమీన్ 2.04 కిలోలన్నాడు, అదీ మంచి గోధుమ అయితేనని. అబూ హనీఫా బాటలో నడిచే హనఫీలు గోధుమలో అర సా ఇస్తారు; దాన్ని 1.6 కిలోలనీ, 1.75 అనీ, ఇంకా రకరకాలుగా కడతారు. వీటిలో ‘మంచి గోధుమ’ అన్న షరతే అన్నిటికన్నా నిజాయితీగా ఉంది. ఆ మాట తీసేస్తే మిగిలే అంకె ఏ ధాన్యానిదో చెప్పలేం.

ప్రభుత్వానికీ ఈ తలనొప్పి తప్పలేదు. సోయా నూనె లీటరు ప్యాకెట్ 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల లెక్కన 892.6 గ్రాములే. కంపెనీలు తమకు నచ్చిన వేడిని అట్ట మీద వేసుకుంటుంటే, 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి, ఘనపరిమాణంతో పాటు బరువూ సరిగా రాయమంది. గడువు 2023 జనవరి 15.