ఆఖరి రోజు చుట్టాలు

రైలెక్కే మనిషికి వీడ్కోలు చెప్పడానికి మనమంతా స్టేషన్‌కి వెళ్లినవాళ్లమే. రైలుకే వీడ్కోలు చెప్పడానికి వెళ్లినవాళ్లని ఎప్పుడైనా చూశారా? నేనూ చూళ్లేదు, చదివాను. రాస్తున్న నవలలో నాయికని ఓ రాత్రి రైలెక్కించాల్సొచ్చి, కాస్త వాతావరణం కోసం రైళ్ల కథలు తిరగేస్తుంటే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ఆఖరి ప్రయాణం సంగతి కంటబడింది. నాయిక పాపం ఇప్పటికీ ప్లాట్‌ఫారం మీదే నిలబడి వుంది. నేను మాత్రం ఆ రైలెక్కి ఎటో పోయాను.

1977 మే 19. అర్ధరాత్రి కావడానికి ఇంకా కొద్ది నిమిషాలే వుంది. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్. ఇస్తాంబుల్ వెళ్లే రైలు కదలడానికి సిద్ధంగా వుంది. ఆ రెండు ఊళ్ల మధ్యా నేరుగా నడిచే ఆ రైలుకి అదే ఆఖరి ప్రయాణమని ముందే చెప్పేశారు. ఇంకేం! పత్రికలవాళ్లు, కెమెరాలవాళ్లు, ఓసారి చూసిపోదామని వచ్చినవాళ్లు అందరూ చేరారు.

ఇంతమంది వచ్చిన ఆ రైలు అప్పటికి ఎలా వుందనుకున్నారు? మాసిపోయిన పెట్టెలు. వెండి చెంచాల కాలం ఏనాడో పోయింది. భోజనాల పెట్టె కూడా తీసేశారు. మూడు రాత్రుల ప్రయాణానికి ఎవరి తిండి వాళ్లు మూటగట్టుకోవలసిందే. మన పులిహోర పొట్లాల ప్రయాణాలే నయం!

మొదట్లో ఇలా లేదు లెండి. 1883 అక్టోబరు 4న ఇదే పారిస్‌లో వేరే స్టేషన్ నుంచి నాగెల్‌మేకర్స్ అనే బెల్జియం ఆయన దీన్ని మొదలుపెట్టినప్పుడు రైలంటే నడిచే రాజమహలే. పరుపులు, తివాచీలు, దగ్గరుండి వడ్డించే వంటవాళ్లు. అయితే ఇస్తాంబుల్ దాకా పట్టాలే లేవు. రొమేనియాలో దిగి, డాన్యూబ్ నది దాటి, ఇంకో రైలెక్కి, వర్నా రేవులో ఓడ పట్టుకుంటే గానీ ఊరు చేరేవాళ్లు కాదు. 1889 నుంచే నేరుగా రైలు. తర్వాత రాజులెక్కారు, రాయబారులెక్కారు, గూఢచారులెక్కారని కథలు అల్లారు. అగాథా క్రిస్టీ ఎక్కి, 1934లో ఏకంగా అందులో హత్యే చేయించేసింది. నవలలు రాసేవాళ్లని రైలెక్కనిస్తే ఇంతే.

1974లో ఆ నవల సినిమాగా వచ్చింది. లోకమంతా చూసింది. రైలు ఆగిపోయింది ఆ తర్వాత మూడేళ్లకి! సినిమా చూసి మురిసిన వాళ్లలో ఇస్తాంబుల్‌లో పనిబడ్డ వాళ్లు విమానంలో వెళ్లారు. తప్పంటానా? కొన్ని గంటల్లో పోయే దారికి మూడు రాత్రులు, ప్రతి సరిహద్దులోనూ నిద్రలేపి కాగితాలు అడిగే పోలీసులు, ఎప్పుడు చేరుతుందో తెలీని రైలు! నేనైనా విమానమే ఎక్కుతాను. కానీ విమానమెక్కిన మనిషే స్టేషన్‌కొచ్చి "అయ్యో, ఎంత గొప్ప రైలు పోతోంది" అని నిట్టూరిస్తే, ఆ నిట్టూర్పుని ఏమనాలి? ప్రేమనాలా, వేడుకనాలా?

ఈ ప్రశ్న నాకెందుకంటే, నేనూ ఓసారి అలాంటి చుట్టాన్నయ్యాను.

మా పిన్నిది నంద్యాల. నా చిన్నప్పుడు ప్రతి వేసవికీ గుంటూరు నుంచి మీటర్‌గేజి రైల్లో వెళ్లేవాళ్లం. ఇరుకు పెట్టెలు, తీరుబడి నడక. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు... దిగువమెట్ట దాటాక నల్లమల అడవి వచ్చేది. లోయ మీద దొరబావి వంతెన, కొండలో బొగద సొరంగం. వంతెన ఎత్తు చూసి అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టేది. మేం కిటికీ కోసం కొట్టుకునేవాళ్లం.

ఒక వేసవిలో నాకు నిద్ర ఆగలేదు. "లేవే, వంతెనొస్తోంది" అని అమ్మ భుజం తట్టింది. "వచ్చేటప్పుడు చూస్తాలే" అని అటు తిరిగి పడుకున్నాను. వచ్చేటప్పటికి చీకటి. పోనీ, వచ్చే ఏడు చూడొచ్చనుకున్నాను. 1990లలో ఆ లైను బ్రాడ్‌గేజి అయింది. కొత్త పట్టాలు వేరే దారి పట్టాయి. మళ్లీ ఆ వంతెన మీద నేను ప్రయాణం చెయ్యలేదు. నాకు ఆఖరిసారి ఎప్పుడు జరిగిందంటే, నేను నిద్రపోతున్నప్పుడు.

పారిస్ వాళ్లది అదృష్టం అనిపిస్తుంది ఒక్కోసారి. వాళ్లకి తేదీ తెలుసు, వేళ తెలుసు. కెమెరా పట్టుకుని వెళ్లగలిగారు. మన బతుకుల్లో అలా ప్రకటన చేసి వెళ్లే రైళ్లెన్ని? పిల్లాణ్ని ఆఖరిసారి చంకనెత్తుకున్న రోజేదో ఏ తల్లికైనా గుర్తుందా? ఎత్తుకుని దించుతాం, మళ్లీ ఎత్తుకోం. అంతే.

కొత్త లైనొచ్చాక ప్రయాణం సుఖమైంది. విచిత్రమేమిటంటే, సుఖమయ్యాకే నేను వెళ్లడం తగ్గించాను. పెళ్లి, హైదరాబాదు కాపురం, పిల్లల పరీక్షలు, నా సీరియళ్ల గడువులు. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వేసవికి తప్పకుండా" అనేదాన్ని. "సరేలే, నీ వీలు చూసుకో" అనేది. ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. ఆడివుంటే వెళ్లేదాన్నేమో! చూశారా, తప్పు ఆవిడ మీదికే తోస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఓ తెల్లవారుజామున కబురొచ్చింది. ఉన్నపళంగా బయల్దేరాను. ఇంటి ముందు కారు దిగుతూనే ఎంత ఏడ్చానంటే, పక్కింటివాళ్లు నన్నే కూతురనుకున్నారట. అసలు కూతురు, మా చెల్లెలు, లోపల బియ్యం డబ్బా కోసం వెతుకుతోంది. పిన్ని మంచాన పడ్డ రెండేళ్లూ కనిపెట్టుకున్న పనమ్మాయి దొడ్లో గిన్నెలు తోముతోంది. ఆ ఇద్దరి కళ్లల్లో చుక్క నీరు లేదు. నాకు అప్పుడు కోపమొచ్చింది కూడా.

సాయంత్రం చెల్లెలే నాకు కాఫీ తెచ్చిచ్చింది. "అక్కా, ఇవాళ అమ్మకి నువ్వు రావడం తెలీదు. తెలిసిన రోజుల్లో రావడానికి నీకు తీరలేదు" అంది. దెప్పడంలా కూడా లేదు. కాఫీలో పంచదార సరిపోయిందా అన్నంత మామూలుగా అంది.

ఆ మాట ముల్లులా వుండిపోయింది. అందుకే కాబోలు, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కథలో అందరూ రాసిన రాజుల గురించి కాక, ఎవరూ పెద్దగా పట్టించుకోని వాళ్ల గురించి ఆలోచన పోయింది. ఆఖరి ఏళ్లలో ఆ రైల్లో తిరిగిందెవరు? పడమటి దేశాల్లో ఫ్యాక్టరీ పనులకి వెళ్లిన టర్కీ వాళ్లు, యుగోస్లావియా వాళ్లు, డబ్బుల్లేని కుర్ర విద్యార్థులు. వాళ్లకది పురాణం కాదు. ఇంటికెళ్లే బండి. ఆలస్యమైతే తిట్టుకునుంటారు, సీటు కోసం పోట్లాడుకునుంటారు. రైలుని బతికించినంత కాలం బతికించింది వాళ్లూ, వాళ్ల మూటలూ. మా ఇంటి పనమ్మాయిలా.

అయితే నాలాంటి వాళ్ల తరఫున కూడా ఓ మాట చెప్పనివ్వండి. ఆ రాత్రి స్టేషన్‌కి వచ్చిన వాళ్లంతా నెలకోసారి టిక్కెట్టు కొన్నా ఆ రైలు నిలిచేది కాదేమో. విమానాలతో పోటీ పడి నెగ్గడం దానివల్ల కాదు. నేను ఏటా నంద్యాల వెళ్లినా పిన్ని ఆయుష్షు పెరిగేది కాదు. పైగా ఆఖరి రోజున ఎవరూ రాకపోతే? ఖాళీ ప్లాట్‌ఫారం నుంచి ఆ రైలు ఒంటరిగా కదిలివుంటే బావుండేదా? చావింటికి నలుగురు రావాలని మన పెద్దలు పట్టుబట్టింది ఊరికే కాదు. ఆలస్యంగా వచ్చిన ఏడుపు దొంగ ఏడుపని నేనొప్పుకోను. నాది దొంగ ఏడుపు కాదు. కాకపోతే అది పిన్ని కోసం ఎంత, కిటికీ పక్కన కూచున్న నా చిన్నతనం కోసం ఎంత అని ఎవరైనా నిలదీస్తే, లెక్క చెప్పలేను.

పోయినదాన్ని ముద్దుచేసుకోవడం సులువు. అదే 1977 అక్టోబరులో మాంటీ కార్లోలో ఆ పాత రైలు పెట్టెలు వేలానికొస్తే ఒకాయన రెండు కొన్నాడు. ఇంకొన్ని వెతికి పట్టుకుని, మెరుగులు పెట్టి 1982 మే 25న డబ్బున్నవాళ్ల కోసం విహారాల రైలొకటి మొదలెట్టాడు. మళ్లీ వెండి చెంచాలొచ్చాయి! మామూలు మనుషులెక్కే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనే పేరు మాత్రం ఇంకో రైలుకి మిగిలి, ఆ దారి కూడా ఏళ్లు గడిచేకొద్దీ పొట్టిదై, చివరికి స్ట్రాస్‌బర్గ్ నుంచి వియన్నాకి మాత్రమే నడిచి, 2009 డిసెంబరులో పట్టాల మీంచి తప్పుకుంది. నేనూ అంతే. పిన్ని ఫోటోకి మంచి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. వచ్చినవాళ్లంతా బావుందంటారు.

ఇదంతా చదివిన వారం, నవల పక్కన పెట్టి నంద్యాలకి టిక్కెట్టు కొన్నాను. పండగ కాదు, పెళ్లి కాదు, తద్దినం కూడా కాదు. ఉత్త బుధవారం. నల్లమలలో మెలకువగానే వున్నాను. పాత వంతెన ఎటువైపుంటుందో పక్క సీటాయన్ని అడిగాను. ఆయనకి తెలీదు.

బాబాయ్ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. సంచితో గేటు తీసుకుని వస్తున్న నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. చేతిలో పేపరు జారిపోయింది.

"ఏందమ్మాయ్, ఎవరికేమైంది?" అన్నాడు.

"ఎవరికీ ఏమీ కాలేదు బాబాయ్. ఊరికే వచ్చాను."

ఆయన నమ్మలేదు. కాఫీ తాగుతూ మరో రెండుసార్లు అడిగాడు.