షహీదుల ఖబర్ల దగ్గర, వారి ఇళ్ళ దగ్గర

 

హజ్‌కో ఉమ్రాకో వెళ్ళి మదీనా చేరినవారు ఒక పూట ఉహద్ కొండ దగ్గరకు కూడా వెళ్ళి వస్తారు. అక్కడ ప్రహరీ లోపల ఒక ఖాళీ మైదానం కనిపిస్తుంది. గుంబద్ లేదు, చాదర్లు లేవు. హిజ్రీ 3వ ఏట (క్రీ.శ. 625) ఉహద్ యుద్ధంలో అమరులైన సహాబీలు అక్కడ విశ్రమిస్తున్నారు. మనలో చాలామంది బస్సు దిగి, ఫోటో తీసుకుని, ఖర్జూరాలు బేరమాడి తిరిగి వచ్చేస్తారు. ఖర్జూరాలు కొనడం తప్పని మేము అనడం లేదు!

ఆ రోజు దాదాపు 70 మంది షహీద్ అయ్యారు. కఫన్‌కు సరిపడా బట్ట లేదు. మక్కాలోని సంపన్న కుటుంబంలో అల్లారుముద్దుగా పెరిగిన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గారికి దొరికింది ఒకే ఒక దుప్పటి. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడేవి. తల కప్పి, కాళ్ళ మీద ఇజ్‌ఖిర్ గడ్డి వేయమన్నారు దైవప్రవక్త (స). ఇద్దరిద్దరిని ఒకే సమాధిలో ఉంచవలసి వచ్చినప్పుడు, వీరిలో ఖుర్ఆన్ ఎక్కువగా నేర్చినవారు ఎవరని అడిగి, వారిని ముందు దించేవారు. వంశం అడగలేదు, హోదా అడగలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, తమ జీవితపు చివరి రోజుల్లో, వీడ్కోలు చెబుతున్నట్లుగా మళ్ళీ వారికోసం దుఆ చేశారు.

కాబట్టి అక్కడికి వెళ్ళినవారు సలాం చెప్పాలి, వారికోసం అల్లాహ్‌ను వేడుకోవాలి, తమ మరణాన్ని తలచుకోవాలి. మన కోరికలు విన్నవించుకోవలసింది మాత్రం అల్లాహ్‌కే.

అయితే జియారత్‌తోనే బాధ్యత తీరిందా? హజ్రత్ జాబిర్ (రజి) గారి తండ్రి అబ్దుల్లాహ్ (రజి) కూడా ఉహద్‌లోనే అమరులయ్యారు. ఇంట్లో ఆడపిల్లల్ని, మీద అప్పుల్ని వదిలి వెళ్ళారు. అప్పులవాళ్ళు గడువు ఇవ్వలేదు. దైవప్రవక్త (స) స్వయంగా వారి తోటకు వెళ్ళి, ఖర్జూరపు రాశి దగ్గర కూర్చుని కొలిపించారు. అప్పంతా తీరింది, ఖర్జూరాలు ఇంకా మిగిలాయి. షహీద్‌కు అప్పు తప్ప మిగతా పాపాలన్నీ క్షమించబడతాయని హదీసులో ఉంది. ప్రాణమిచ్చినవాని అప్పే అంత బరువైనదైతే, అతని ఇంటివారిని గాలికి వదిలేసిన మన మాటేమిటి?

మన దేశం సంగతికి వద్దాం. 1948 జూలై 3న జమ్మూ కాశ్మీర్‌లోని ఝంగర్ దగ్గర ప్రాణాలర్పించిన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ గారి సమాధి ఢిల్లీలోని జామియా నగర్ ప్రాంతంలో ఉంది. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. 2020 డిసెంబరులో ఆ సమాధి పగిలి ఉందన్న వార్త పత్రికల్లో వచ్చింది. తర్వాత సైన్యం బాగు చేయించింది. ఎవరి అంతస్తు ఎంతో అల్లాహ్‌కే తెలుసు. కానీ ఆ సమాధి పగిలిందన్న సంగతి పత్రికలో చదివి తెలుసుకోవలసి రావడం మాకు సిగ్గనిపించింది.

ఢిల్లీ దూరమే. మన ఊళ్ళో, మన మండలంలో సైన్యంలో కొడుకును పోగొట్టుకున్న ఇల్లు ఉందేమో విచారించండి. అది ముస్లిం ఇల్లా, హిందువుల ఇల్లా అని చూడకండి. ఆగస్టు 15న దండ వేసి వచ్చినవాళ్ళం ఆగస్టు 16న ఆ తల్లి దగ్గరకు వెళ్ళామా? పింఛను కాగితం చదివి చెప్పేవారు లేకపోతే మన పిల్లల్లో చదువుకున్నవాణ్ణి ఒకణ్ణి ఆమెకు తోడుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. ఆటో కిరాయి మీరే ఇవ్వండి.