దయయు నక్కఱయు

హైదరాబాదులో నొకరినొకరు పరిహసించునపుడు "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అనుట పరిపాటి. ప్రభుత్వ మానసిక చికిత్సాలయ మచ్చట నుండుటయే దీనికి మూలము. అమీరుపేటనుండి మెట్రోబండిలో ఎర్రగడ్డ మూడవ స్టేషను మాత్రమే. దూర మింత స్వల్పమైనను, చికిత్స ముగిసి యిల్లు చేరినవాడు మరల మనలో నొకడగుటకు సంవత్సరములు చాలకున్నవి.

మా పూర్వవిద్యార్థి యొకడు అమీరుపేటలో కంప్యూటరు విద్య నేర్చుచు మనోవ్యాధికి లోనయ్యెను. మందులచే నెమ్మదించిన పిదప నొకనాడు పంజగుట్టలోని మా యింటికి వచ్చెను. మేము దిద్దుచున్న జవాబుపత్రములను జూచి, "సార్, మార్కులు నేను కూడనా?" అని యడిగెను. "వద్దు నాయనా, నీవు విశ్రాంతి తీసికో" అని మేము ప్రేమతో కాఫీ యిప్పించితిమి. అతడు త్రాగి వెడలెను, మరల రాలేదు. దయ జూపితిమని మేము చాలకాలము సంతసించితిమి. ఆ దయ యెట్టిదో యిప్పుడు విచారింపవలసియున్నది.

దానము గొప్పదని మనమందఱము నెఱుగుదుము. కాని యెల్లపుడును పుచ్చుకొనుటయేగాని యిచ్చు నధికారము లేనివాని గతి యేమి? అట్టివాడు క్రమముగా తన దృష్టిలో తానే చిన్నవాడగును.

1948లో న్యూయార్కున వెలసిన ఫౌంటెన్ హౌస్ ఈ సూక్ష్మమును గ్రహించినది. మానసిక చికిత్సాలయమునుండి వెడలిన కొందఱు "మేము ఒంటరివారము కాము" అను పేర కూడిన కూటమియే దానికి బీజము. క్లబ్బుహౌసు అనబడు నిట్టి గృహములలో చేరినవారు రోగులు కారు, సభ్యులు. వంట, లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు మొదలగు పనులన్నియు సభ్యులును ఉద్యోగులును ప్రక్కప్రక్కన నిలిచి చేయుదురు. సభ్యులు లేనిదే పని సాగకుండునట్లు ఉద్యోగులను బుద్ధిపూర్వకముగా కొలదిమందినే నియమింతురు. రాని సభ్యుని గూర్చి వాకబు చేయుదురు. ఈ పద్ధతి పెక్కు దేశములకు వ్యాపించినది.

రోగిచే పని చేయించుట క్రౌర్యము కాదా యని కొందఱు శంకింపవచ్చును. నిర్బంధము క్రౌర్యమే, అందుచేతనే యచ్చట పని స్వచ్ఛందము. మందులు మానుమనువారును లేరు. జబ్బు తిరుగబెట్టునేమో యను తల్లిదండ్రుల భయమును మేము తేలికపఱుపము. అయినను, ఎవరికిని తన యక్కఱ లేదని తెలిసిన దినము సైతము మనస్సును క్రుంగదీయునుగదా!

2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము మనోవ్యాధిగ్రస్తునకు సమాజములో నివసించు హక్కు నొసగినది. ఇంటివారు స్వీకరింపలేదను కారణముచే మాత్రమే యతనిని చికిత్సాలయమున నుంచరాదని శాసించినది. చట్టము తలుపు తెఱువగలదు. "నీవు రాకున్న మా పని యాగిపోవును" అను మాట చట్టము పలుకజాలదు; అది యిరుగుపొరుగువారే పలుకవలయును. గ్రంథాలయమున పుస్తకములు సర్దుటకు, అపార్టుమెంటు సంఘపు లెక్కలు వ్రాయుటకు మనకు మనుష్యులు కావలసియే యున్నారు.

ఈ యేడును జవాబుపత్రములు మా బల్లమీద నున్నవి. ఆ యువకుని యింటికి పోయి, కూడికలకు తోడు రమ్మని యడుగ నిశ్చయించితిమి. వచ్చుటయు మానుటయు నతని యిచ్ఛ. అడుగుట మాత్రము మా ఋణము.