నయోమి తిరిగి వచ్చినప్పుడు

చదువవలసిన భాగము: రూతు 1, 2, 4 అధ్యాయములు



“బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అను మాట మన ప్రాంతములో ఎరుగనివారు లేరు. వానలు తప్పి, బావులు ఎండి, బోర్లకు చేసిన అప్పు మిత్తితో పెరిగినప్పుడు మన రైతులు ఈ మూడు దారులలో ఏదో ఒకటి పట్టిరి. ఇది నిన్నటి సంగతి కాదు. నిజాము కాలముననే తెలుగు కూలీలు బొంబాయి చేరి కట్టడపు పనులు చేసిరి. వారిని అక్కడ కామాఠీలనిరి. కామాఠిపుర అను పేట వారి పేరనే వెలసెను. సిరిసిల్ల నేతవారు భీవండి మగ్గములకు వెళ్లిరి. 1970ల తరువాత జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి అనేకులు గల్ఫు దేశములకు పోయిరి.

పరిశుద్ధ గ్రంథములోను ఇట్టి కుటుంబమున్నది. బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు. ఆ రొట్టెల ఇంటిలోనే కరవు పుట్టెను! పండించువాని ఇంటనే గింజ లేకపోవుట మనకును తెలిసినదే. ఎలీమెలెకు భార్యాబిడ్డలతో మోయాబునకు వెళ్లెను. వెళ్లినందుకు గ్రంథము అతనిని నిందింపలేదు. కాబట్టి ఊరు విడిచినవానిని విశ్వాసము లేనివాడని మనము తీర్పు తీర్చకూడదు.

పదియేండ్లకు భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని నయోమి వట్టిచేతులతో తిరిగి వచ్చెను. నేడు మన ఊరివాడు తిరిగి వచ్చినయెడల మనము మొదట అడుగునదేమి? “ఎంత తెచ్చినవు?” అనియే గదా! ఆ ఒక్క ప్రశ్నకు వెరచి, పని పోయినను ఇంటికి రాలేక పరదేశమున కుమిలిపోవువారున్నారు. 2020 మార్చిలో కరోనా వలన దేశమంతట లాక్‌డౌన్ విధింపగా, కూలీలు వందల మైళ్లు నడిచి స్వగ్రామములకు బయలుదేరిరి. కొన్ని ఊళ్లవారు పొలిమేరలో ముళ్లకంపలు వేసిరి. రోగభయము సహజమే, అయినను ఆ కంప మన హృదయములలో నేటికిని మిగిలియున్నదేమో పరీక్షించుకొందము.

బోయజును చూడుడి. నయోమి ఏమి తెచ్చెనని అతడు అడిగినట్లు వ్రాయబడలేదు. ఆమె కోడలికొరకు పిడికెళ్లకొలది పరిగె కావలెనని విడువుమని కోతవారికి చెప్పెను. ఆమె సిగ్గుపడకుండ తినునట్లు చేసెను. ఇంకొక బంధువుండెను. అతడు పొలము కావలెననెను; రూతు భారము కూడ మోయవలెనని వినగానే తప్పుకొనెను. ప్రియులారా, మనలో ఆ బంధువులెందరు? అన్న దుబాయిలో నుండగా గట్టు జరుపువారు, అప్పుల తొందరలో నున్నవాని ఎకరమును సగము ధరకు అడుగువారు బోయజు వంశము కారు.

కాబట్టి మూడు పనులు చేయుదము. ఊరు విడిచినవారిని ప్రతి ఆదివారము పేరుపేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము. వారి వృద్ధులైన తల్లిదండ్రులకు కళ్లములోనే ఒక పాలు తీసి పంపుదము. మిగిలినది కాదు, మొదటిది. తిరిగి వచ్చినవానిని “అన్నము తిన్నవా?” అని అడుగుదము. ఎంత తెచ్చెనో దేవుడెరుగును.

వట్టిచేతులతో వచ్చిన ఆ కుటుంబమునుండియే దావీదును, శరీరమునుబట్టి మన రక్షకుడును పుట్టిరి. అట్టివారు మన గుమ్మములో నిలిచినప్పుడు వారిని గుర్తించు కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.