జీర్ణోద్ధరణము – మమకారత్యాగము

శిథిలమైన దేవాలయమును బాగుచేయుట మహాపుణ్యమని మన పెద్దలు నమ్మిరి. క్రొత్తగుడి కట్టించుటకంటె పాతగుడిని నిలుపుటయే ఎక్కువ ఫలమనియు చెప్పుదురు. క్రొత్తగుడికి కట్టించినవాని పేరు నిలుచును. జీర్ణోద్ధరణము చేసినవాని పేరు మొదటివాని పేరు చాటున దాగిపోవును. ఆ పనియందు అహంకారమునకు చోటు తక్కువ. అందుచేతనే కాబోలు ఫలము ఎక్కువ యనిరి.

ఈ ధర్మము దేవాలయములకే పరిమితము కాదు. బాలబాలికలు కూడి బొమ్మలు వేయుచు, మట్టితో ఆకృతులు చేయుచు, పాడుచు, ఆడుచు నుండు మందిరమును ఒక విధమైన ఆలయమే. అట్టి మందిరము పాడైనపుడు ఊరివారు కూలి గోరక తామే తట్టయు తాపీయు చేతబట్టి దానిని బాగుచేయుదురు. ఈ సేవ మంచిదా కాదా యను సందేహమునకు తావులేదు. అయితే, పని ముగిసిన పిమ్మట ఆ మందిరము ఎవరిది? విచారింపదగిన ప్రశ్న ఇది.

ఈ విచారమునకు పుదుచ్చేరి పట్టణము తగిన చోటు. సముద్రపు ఉప్పుగాలి ఏడాది పొడవునను అచటి గోడలను తినుచుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు వానిని నానబెట్టును. ఫ్రెంచివారి కాలమునాటి 'మేరీ' యను పురపాలక భవనము 2014 నవంబరులో వానలకు కూలిపోయెను. మరల పూర్వరూపముననే కట్టబడి 2021లో ప్రారంభింపబడెను. కూలినదానిని లేవనెత్తుటకు ఏండ్లు పట్టును. కూలకుండ కాచుటకు నిత్యశ్రద్ధ కావలయును.

సున్నపుపని తెలిసినవారు ముందుగా కుంచె పట్టరు. తేమ ఎచటినుండి వచ్చుచున్నదో కనిపెట్టుదురు. పెచ్చులూడుచున్న పాతపూతను గీకివేయుదురు. గోడను నీటితో తడుపుదురు. పిదప పలుచని వెల్లను పూతపై పూతగా వేయుదురు. తొందరపడి సున్నపుగోడపై సిమెంటు పూసినచో లోపలి తేమ వెలికి రాలేక గోడను లోలోననే చెరచును. పైకి మాత్రము అంతయు నునుపుగా కనిపించును. సేవకుని మనస్సును ఇట్టిదే. కీర్తికాంక్ష యను తేమను కనిపెట్టక, దానిపై సేవ యను పూత పూసినచో అది యెంతో కాలము నిలువదు.

ఆ తేమ బయటపడు సమయమొకటి కలదు. పని ముగిసినది. గోడ తెల్లగా మెరయుచున్నది. మరునాడు పిల్లలు వత్తురు. ఏడేండ్ల బాలుడొకడు నీలిరంగు అంటిన అరచేతిని ఆ తెల్లని గోడపై అద్దును. సేవకునకు నిజమైన పరీక్ష ఆ క్షణమున గలదు. "ఎంత కష్టపడి వేసితిమి!" యని అతని మనస్సు మండిపడినచో, ఇచ్చినదానిని అతడింకను ఇచ్చివేయలేదని యర్థము. మరునాడు అచట "గోడను తాకరాదు" అను పలక వ్రేలాడును. అంతటితో అది బాలల మందిరము గాక దాతల స్మారకచిహ్న మగును.

కూలిని, బిరుదును వదలుకొన్నంతమాత్రముననే ఫలత్యాగము పూర్తికాదు. ఎవరికొరకు పని చేయబడెనో వారు దానిని తమ రీతిని అనుభవింప నిచ్చుటయే అందు కడపటి మెట్టు. ఇదియే మిక్కిలి కష్టమైనది.

పుదుచ్చేరియందే దీనికొక తార్కాణము కలదు. అరవిందాశ్రమ సాధకుల నివాసమునకై 1937లో ఒక భవననిర్మాణము ఆరంభింపబడెను. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ పూనికచే నిజాము విరాళము లభించుటచే దానికి 'గోల్కొండ' యని పేరు వచ్చెను. పనియందు శిక్షణ లేని సాధకులు పెక్కురు కాంక్రీటుపనిలో పాల్గొనిరి. నిర్మాణమును దగ్గరనుండి నడపిన జార్జి నకషిమా యను శిల్పి ఆశ్రమవాసియై, జీతము విడిచి పనిచేసెను. భవనము పూర్తి కాకమునుపే 1939లో అతడు వెడలిపోయెను. తాను ముగించి చూడని పనినైనను శ్రద్ధతో చేయవచ్చునని ఆ చరిత్ర తెలుపుచున్నది.

ఇచట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. పిల్లలు పాడుచేయుచుండగా పెద్దలు చూచుచు ఊరకుండవలయునా? అట్లయినచో స్వేచ్ఛకును విచ్చలవిడితనమునకును భేదమేమి? ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. శ్రీమాత ఆశ్రమమునందు 1943 డిసెంబరు 2న సుమారు ఇరువదిమంది పిల్లలతో పాఠశాల నారంభించెను. ఆమె స్వయముగా పారిసు నగరమున చిత్రలేఖనము నభ్యసించిన కళావేత్రి. బిడ్డ లోపలినుండి స్వేచ్ఛగా ఎదుగవలయునని ఆమె బోధించెను. వస్తువులను అజాగ్రత్తగా వాడుట చైతన్యలోపమనియు ఆమెయే బోధించెను. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. శ్రద్ధ లేని స్వేచ్ఛ వస్తువును చెరచును. స్వేచ్ఛ లేని శ్రద్ధ బిడ్డను చెరచును.

రెంటిని కలుపు మార్గము కావలి కాదు, భాగస్వామ్యము. సున్నము చర్మమును, కన్నులను కాల్చును గనుక ఆ పని పెద్దలదే. కాని ఏ గోడకు ఏ రంగు వేయవలయునో పిల్లల నడుగవచ్చును. బీరువా పలకలను గరుకుకాగితముతో రుద్దుట, కుంచెలు కడిగి ఆరబెట్టుట, సామగ్రిని ఏర్చి సర్దుట వారికి నేర్పవచ్చును. ఒక గోడను వారి చేతిముద్రలకే విడువవచ్చును. తన చేయి పడిన వస్తువును బిడ్డ తనదిగా చూచుకొనును. పెద్దవాడు వదలవలసిన 'నాది' యను మాటయే బిడ్డకు బాధ్యత నేర్పు తొలిపాఠ మగుట గమనింపదగినది.

వానకాలము మరల వచ్చును. ఉప్పుగాలి తన పని మానదు. గోడ మరల పెచ్చులూడును. మొదటి యేట ఉత్సాహముతో వచ్చువారు పెక్కురు. రెండవ యేట, ఉత్సవము లేకున్నను, తాను వేసిన వెల్లపై రంగులు చూచి నవ్వుకొని, మరల తట్ట నెత్తుకొనువాడే సేవకుడు.