చేతిఫోను తాళము - గోపురముపై రామానుజులు



ఏలూరును ఆనుకొనియున్న వట్లూరులో సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగు కళాశాల కలదు. కంప్యూటరు విద్య నేర్చు పిల్లలున్న ఇటువంటి చోట ధర్మప్రసంగము చేయువారికి ఒక ప్రశ్న ఎదురగుట సహజము. "స్వామీ! నా సొమ్ముతో కొన్న ఫోనుకు కంపెనీవారు తాళము వేసి ఉంచినారు. ఆ తాళము నేను తీసికొనిన తప్పేమి?"

నవ్వి త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదిది. పెద్దలకొరకు కొంత వివరించవలెను. స్మార్టుఫోనులో ప్రతి యాపును తన గదిలోనే మెలగునట్లు, మూలవ్యవస్థ జోలికి పోకుండునట్లు తయారీదారు కట్టుబాటు చేయును. ఆ కట్టు త్రెంచుటను ఐఫోను విషయమున జైల్‌బ్రేక్ అనియు, ఆండ్రాయిడు విషయమున రూట్ చేయుట అనియు అందురు. 2007లో ఐఫోను వెలువడిన కొద్దికాలమునకే ఈ పని మొదలైనది. చట్టసమ్మతమైన యాపులకొరకు ఇట్లు చేసినవారికి 2010లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మినహాయింపునిచ్చినది. తాళము తీయు దారిని తామే చూపెడి కంపెనీలును కొన్ని కలవు. కావున తాళము తీయుటయే పాపమని చెప్పుటకు నాకు నోరు రాదు.

అంతేకాదు. 2010 ప్రాంతమున వచ్చిన అనేక ఆండ్రాయిడు ఫోనులలో తెలుగు అక్షరములు ఉండవలసిన చోట ఖాళీ గడులు కనబడెడివి. మన భాషను చదువుకొనుటకై కొందరు ఆ ఫోనులను రూట్ చేసి, మూలవ్యవస్థలో తెలుగు ఖతిని చేర్చుకొనిరి. తల్లిభాషలో వచ్చిన ఉత్తరము చదువగోరినవానిని దొంగ అని ఎట్లనగలము?

ఇచ్చట మనకు తిరుక్కోట్టియూరు గుర్తునకు రావలెను. గోష్ఠీపూర్ణులవద్ద మంత్రార్థము పొందుటకు భగవద్రామానుజులవారు శ్రీరంగమునుండి పదునెనిమిది పర్యాయములు నడచిరని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. ఎవరికిని చెప్పరాదను కట్టడితో ఆచార్యులు ఉపదేశించిరి. రామానుజులవారో, ఆలయగోపురమెక్కి భక్తులందరును వినునట్లు ఆ అర్థమును చాటిరి. ఆజ్ఞ మీరితివి, నరకము తప్పదని ఆచార్యులు కోపించిరి. ఇందరు తరించుచుండగా నేనొక్కడను నరకమునకు పోయిన పోనిండని శిష్యుడు బదులు పలికెను. ఆ మాటకు కరగి ఆచార్యులు ఆయనను కౌగిలించుకొని, "ఎంపెరుమానార్" అని పిలిచిరి.

ఈ కథను చూపి "రామానుజులే కట్టడి దాటలేదా" అను కుర్రవాడు తెలివిగలవాడే. కాని కథలో లెక్క ఎటు తిరిగినదో చూడవలెను. లాభము ఊరివారిది, దండన రామానుజులది. మన చేతిలోని ఫోను దగ్గర ఈ లెక్క తరచుగా తలక్రిందులగును. డబ్బు కట్టవలసిన ఆటను ఉచితముగా ఆడుకొనవలెనను సరదా కుర్రవానిది. నష్టమెవరిది? ఆ ఫోనులోనే తండ్రిగారి బ్యాంకు యాపు, అమ్మగారి గ్యాసు బుకింగు, తాతగారి పింఛను సందేశములు ఉన్నవి. మూలాధికారము పొందిన దుష్టయాపు ఇతర యాపుల గదులలోనికి తొంగిచూడగలదు. అందుచేతనే అనేక బ్యాంకుల యాపులు రూట్ చేసిన ఫోనులో పనిచేయ నిరాకరించును. శాంసంగువారి నాక్స్ గల ఫోనులలో ఇట్టి మార్పు జరిగినట్లు ఒక గుర్తు లోపల పడును. పాత వ్యవస్థను మరల ఎక్కించినను అది చెరగదు.

కొల్లేటి చుట్టుపట్లవారికి ఇది క్రొత్త సంగతి కాదు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు తెచ్చు నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రమునకు పోవలెను. 1999లో అయిదవ కాంటూరువరకు అభయారణ్యమని ప్రకటించినను లోపల చేపలచెరువులకు గట్లు వెలసెను. గట్టు వేసినవానికి తన చెరువు మాత్రమే కనబడును. దారిలేని నీరు ఎగువనున్న వేరొకరి గుమ్మము త్రొక్కును. 2006లో ప్రభుత్వము ఆ గట్లను కొట్టించినది. బ్రతుకుతెరువు పోయినవారి కన్నీరును అబద్ధము కాదు, ఆ సంగతి మరువరాదు.

ఇక తాళము తీసిపెట్టుదుమని ఊరు పేరు తెలియనివారు ఉచితముగా పంచు పనిముట్ల మాట. ఉపన్యాసకులము లక్ష్మణరేఖను ఊరకే వాడుచుందుము. వాల్మీకమున అది లేదు. మన రంగనాథ రామాయణమున కలదు. ఆ కథలో సీతమ్మ గీత దాటినది దురాశచేత కాదు, భిక్ష పెట్టుటకు. వెలుపల నిలిచినవాడు సన్యాసివేషమున ఉండుటయే ఆపద. పనిముట్టు పంచువాని వేషమును ఎవరు పరీక్షించుచున్నారు?

"నాది" అను మాటయొక్కటి మిగిలినది. మన సంప్రదాయమున జీవుడు శేషుడు, స్వామి శేషి. శరీరమే కైంకర్యమునకై మనకు అప్పగింపబడినదని నమ్మువారము, ఫోను దగ్గర మాత్రము "నా సొమ్ము, నా ఇష్టము" అనుట ఎట్లు పొసగును? అట్లని కంపెనీవాడు శేషి కాడు. వానికి దాసులము కానక్కరలేదు. ఫోనులో ఎవరెవరి గుట్టు దాగియున్నదో వారిని అడిగితివా అన్నదే కుర్రవానికి నా ప్రశ్న.

అడిగితినని చెప్పి, విద్యకొరకే చేయుదుననువానికి సిమ్ము తీసిన, బ్యాంకు ఖాతా ముడిపడని పాత ఫోనొకటి చాలును. బూట్‌లోడరు తాళము తీయునప్పుడు సాధారణముగా లోపలిదంతయు తుడిచిపెట్టుకొని పోవును. తాతగారి తిరుమల యాత్ర ఫొటోలు అందులో ఉన్నచో ముందే వేరొకచోట దాచుకొనవలెను.